మెగ్గర్: దాక్కున్న లీకేజీని పట్టే పెట్టె

చాగలమర్రి, ఆళ్లగడ్డ పల్లెల్లో కె.సి. కాలువ నీరు ఎక్కని చేలకు బోరు మోటారే దిక్కు. స్టార్టరు బటన్ నొక్కగానే మోటారు ఒక్క మూలుగు మూలిగి ట్రిప్ అయిందంటే, రైతుకు తట్టే మొదటి ప్రశ్న: లోపం పైనుందా, బోరులో ఉందా? పైనుంటే కాసేపటి పని. లోపలుంటే మూడుకాళ్ల స్టాండు నిలిపి, చైన్ పుల్లీ కట్టి, మనుషులను పెట్టి ఒక్కో పైపూ విప్పుకుంటూ మోటారును బయటికి లాగాలి. ఆ ఖర్చు పెట్టక తప్పదా అన్నది బోరు దగ్గరే తేల్చే పరికరం మెగ్గర్.

టెస్టరు, మల్టీమీటరు ఉండగా ఇదెందుకు? టెస్టరులోని నియాన్ దీపం తీగలో కరెంటు ఉందో లేదో చెబుతుంది, అంతే. మల్టీమీటరు రెసిస్టెన్సు కొలుస్తుంది గానీ, దాని బ్యాటరీ కొద్ది వోల్టులదే. వైండింగు తీగ మీది పూత ఎక్కడో సన్నగా చిట్లిందనుకోండి. ఆ కొద్ది వోల్టులకు అక్కడ కరెంటు కదలకపోవచ్చు, మీటరు అంతా బాగున్నట్టే చూపిస్తుంది. 415 వోల్టుల త్రీఫేజు సప్లై అందగానే ఆ చిట్లిన చోటే దారి తెరుచుకుని కరెంటు మోటారు బాడీకి పోతుంది. పని చేసేటప్పుడు పడే వోల్టేజీ పడితేనే ఆ పూత, అంటే ఇన్సులేషన్, గట్టిదో కాదో తెలుస్తుంది.

ఇన్సులేషన్ పరీక్ష విలువ ఇంజనీర్లకు సముద్రం అడుగున తెలిసొచ్చింది. 1858 ఆగస్టులో అట్లాంటిక్ మీదుగా వేసిన తొలి టెలిగ్రాఫ్ కేబులు కొద్ది వారాలకే మూగబోయింది. గట్టాపెర్చా అనే చెట్టుపాలతో చేసిన దాని తొడుగు మొదటినుంచీ లోపాల పుట్ట. సంకేతాలు అందడంలేదని కేబులు కంపెనీ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్ దాదాపు 2000 వోల్టులు ఎక్కించడంతో ఉన్నదీ పోయింది. ఆ తర్వాత తొడుగును పరీక్షించకుండా కేబులు దించడం మానేశారు. అయితే ఆ పరీక్షకు వాడే గాల్వనోమీటర్లు బల్ల మీంచి కదపరాని సున్నితపు సామాను.

1880ల్లో ఇళ్లకూ ఫ్యాక్టరీలకూ కరెంటు దీపాలు వచ్చాక, పరికరమే వైరింగు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. బ్రిటన్‌లో సిడ్నీ ఎవర్షెడ్ 1889లో మోసుకుపోగల ఇన్సులేషన్ టెస్టరు తయారుచేశాడు. తొలిరోజుల్లో డైనమో ఒక పెట్టె, మీటరు ఇంకో పెట్టె. రెండూ ఒకే పెట్టెలో ఇమిడాక అది ఎలక్ట్రీషియన్ భుజానికెక్కింది. ఎవర్షెడ్ అండ్ విగ్నోల్స్ కంపెనీ 1903లో మెగ్గర్ పేరును రిజిస్టరు చేయించింది.

పాత మెగ్గర్‌కు పక్కన మడత హ్యాండిల్ ఉంటుంది. నిమిషానికి 160 చుట్ల వేగంతో తిప్పితే లోపలి డైనమో 500 వోల్టుల డీసీ ఇస్తుంది. మీటరులో ఒకే ఇరుసు మీద కోణంగా అమర్చిన రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకదానిలో వోల్టేజీకి తగిన కరెంటు, రెండోదానిలో ఇన్సులేషన్ గుండా లీకయ్యే కరెంటు పారతాయి. రెండూ ముల్లును ఎదురెదురుగా లాగుతాయి. అది నిలిచే చోటు ఆ రెండింటి నిష్పత్తి, అంటే రెసిస్టెన్సే. అందుకే చేతి వేగం కాస్త అటూఇటూ అయినా రీడింగు పెద్దగా మారదు. వెనక్కి లాగే స్ప్రింగు లేదు గనక, తిప్పనప్పుడు ముల్లు ఎక్కడైనా ఆగి ఉంటుంది. తెలియనివాళ్లు మీటరు పాడైందనుకుంటారు. ఇప్పటి డిజిటల్ రకాల్లో హ్యాండిల్ లేదు. బ్యాటరీ వోల్టేజీనే లోపలి సర్క్యూట్ పెంచి ఇస్తుంది.

బోరు దగ్గర ముందు మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి, స్టార్టరు నుంచి మోటారు తీగలు విప్పాలి. ఎర్త్ క్లిప్పును తుప్పు గీకిన ఇనుప పైపుకు బిగించి, లైన్ క్లిప్పును ఒక్కో తీగకూ తగిలించి తిప్పాలి. ముల్లు అనంతం వైపు వెళ్తే ఇన్సులేషన్ భేషు. ఒక మెగోమ్ (పది లక్షల ఓములు) చూపితే, 500 వోల్టులకు లీకయ్యేది అర మిల్లీయాంపియరు. అంతకన్నా తగ్గితే మోటారు ఆన్ చేయకపోవడమే మేలు. సున్నా దగ్గరే నిలిచిపోతే బోరులో ఎర్త్ అయినట్టే, లాగక తప్పదు. లాగాక కేబులు జాయింటు కోసి, కేబులును విడిగా, మోటారును విడిగా చూడాలి. రెండూ బాగున్నాయంటే దొంగ ఆ జాయింటే, నీరు దిగింది అక్కడే. కొత్త జాయింటు వేసి మోటారును దించేయవచ్చు, రీవైండింగు ఖర్చు తప్పుతుంది. పరీక్ష అయ్యాక పొడవాటి కేబులులో చార్జి నిలిచి ఉంటుంది, దాన్ని ఎర్త్‌కు తాకించి వదిలించాకే చెయ్యి పెట్టాలి.

మెగ్గర్ అన్నీ పట్టలేదు. ఒకే వైండింగులో చుట్టుకూ చుట్టుకూ షార్టయితే అది బాడీని తాకదు, మెగ్గర్‌కు దొరకదు. ఒక ఫేజు రాకపోయినా అంతే. అక్కడ క్లాంప్ మీటరు కావాలి. మోటారు తిరుగుతుండగా మూడు తీగల చుట్టూ దాన్ని ఒక్కొక్కటిగా పట్టి యాంపియర్లు పోల్చాలి.

మోటారు బాగున్న రోజుల్లో తీసిన రీడింగే మెగ్గర్‌తో దక్కే అసలు లాభం. వేడెక్కితే ఇన్సులేషన్ రెసిస్టెన్సు పడిపోతుంది, సుమారు 10 డిగ్రీలకు సగం. కాబట్టి ఏటా ఒకే కాలంలో, మోటారు చల్లగా ఉన్నప్పుడు చూసి, తేదీతో స్టార్టరు పెట్టె తలుపు లోపల రాసిపెట్టుకోవాలి. 50 మెగోములు మరుసటి ఏడు 20కి, ఆపై 5కి దిగితే, మోటారు తిరుగుతున్నా లోపల తేమ పాకుతున్నట్టే. పంట చేను మీద లేనప్పుడు మోటారు లాగించి బాగుచేయిస్తే, నీరు అవసరమైన వారంలో అది కాలిపోయే గండం తప్పుతుంది.