తేజస్ యుద్ధవిమానంలో మన వాటా

కరీంనగర్‌లో సికింద్రాబాద్ జేబీఎస్ బస్సెక్కి రాజీవ్ రహదారి మీద పోయేవాళ్లు శామీర్‌పేట దాటాక హకీంపేట వైమానిక స్థావరాన్ని చూసే ఉంటారు. మన వైమానిక దళంలో ఎందరో యుద్ధ పైలట్లు జెట్ నడపడం నేర్చుకున్నది అక్కడే. అంతకుముందు వాళ్లు దిద్దే ఓనమాలు దుండిగల్ అకాడమీలో. ఆ పైలట్లలో కొందరు నడిపే తేజస్ యుద్ధవిమానం బెంగళూరులో పుట్టిందని అందరికీ తెలుసు. అందులో తెలుగువాళ్ల వాటా ఎంతుందో మాత్రం చాలామందికి తెలియదు.

మొదట మనిషి సంగతి. 1983లో తేలికపాటి యుద్ధవిమానం తయారు చేయాలని కేంద్రం నిర్ణయించింది. మరుసటి ఏడాది అందుకోసం ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ ఏర్పడింది. 1985 నుంచి ఆ బరువు మోసింది కోట హరినారాయణ. 1943లో ఒడిశాలోని బరంపురంలో పుట్టిన తెలుగువారు ఆయన. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా కూడా పనిచేశారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఒక పాఠమైనా ఉండాలి.

తేజస్‌ను కావాలనే నిలకడ లేకుండా తీర్చిదిద్దారు! అరచేతిలో నిలబెట్టిన కర్ర పడిపోకుండా చెయ్యి ఎలా కదులుతూనే ఉంటుందో, ఇందులో కంప్యూటర్ క్షణక్షణం రెక్కల అంచులను అలా సర్దుతూనే ఉంటుంది. అందుకే అది గాలిలో చటుక్కున మలుపు తిరగగలదు. ఒక వ్యవస్థ చెడిపోయినా ఇంకొకటి ఆదుకోవాలని ఒకే పనికి నాలుగు వరుసలు పెట్టారు.

ఆ కంప్యూటర్‌కు బుద్ధి నేర్పడమే అసలు పరీక్ష అయింది. ఆ పనిలో అమెరికా కంపెనీ లాక్‌హీడ్ మార్టిన్ సాయపడుతుండేది. 1996లో మనవాళ్లు రాసిన నియంత్రణ సూత్రాలను అక్కడి ఎఫ్-16 విమానంలో పెట్టి ఎగరేసి చూశారు కూడా. 1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షలు జరిగాయి, అమెరికా ఆంక్షలు విధించింది. అక్కడ పనిచేస్తున్న మన శాస్త్రవేత్తలు సామగ్రిని అక్కడే వదిలి వెనక్కి రావాల్సి వచ్చింది. ఇంకొకరైతే కాడి కింద పడేసేవాళ్లు. వీళ్లు మిగిలిన పనిని ఇక్కడే పూర్తిచేశారు. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ ఆ విమానాన్ని బెంగళూరు ఆకాశంలోకి లేపారు. 2003లో ప్రధాని వాజ్‌పేయి దానికి తేజస్ అని పేరు పెట్టారు.

అదే 2003లో పాకిస్తాన్, చైనా కలిసి చేసుకున్న జేఎఫ్-17 యుద్ధవిమానం కూడా తొలిసారి ఎగిరింది. దాని ఇంజన్ రష్యాది. తేజస్ ఇంజన్ అమెరికా జీఈ కంపెనీది. తేజస్ కోసం మొదలుపెట్టిన మన కావేరి ఇంజన్‌ను 2008లో ఈ ప్రాజెక్టు నుంచి విడదీశారు. ఆ లోటు ఇంకా తీరలేదు, తీరాలి.

విమానం గుల్ల బరువులో సుమారు 45 శాతం కార్బన్ మిశ్రమ పదార్థాలే. నేల మీద దిగాక ఆపే కార్బన్ బ్రేకుల వెనుక హైదరాబాద్‌లో అగ్ని క్షిపణి కోసం సాధించిన పరిజ్ఞానం ఉంది. తేజస్ రెక్క కింద వేలాడే అస్త్ర క్షిపణి రూపకల్పన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్‌ది, తయారీ ప్రభుత్వ సంస్థ బీడీఎల్‌ది. రెండూ హైదరాబాద్ సంస్థలే. 2023 ఆగస్టు 23న గోవా తీరంలో తేజస్ నుంచి దాన్ని ప్రయోగించారు. 2025 మే 30న హైదరాబాద్‌లోని వెమ్ టెక్నాలజీస్ తేజస్ కొత్త రకమైన మార్క్-1ఏ నడుము భాగాన్ని తొలిసారి తయారుచేసి, విమానాన్ని కూర్చే బెంగళూరు సంస్థ హెచ్ఏఎల్‌కు అప్పగించింది.

తొలిసారి ఎగిరినప్పటి నుంచి ఇరవైమూడేళ్ల పాటు ఒక్క తేజస్ కూడా కూలలేదు. 2024 మార్చిలో జైసల్మేర్ దగ్గర ఒకటి కూలింది, పైలట్ బయటపడ్డారు. 2025 నవంబరులో దుబాయ్ విమాన ప్రదర్శనలో మాత్రం తేజస్ కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్‌ను పోగొట్టుకున్నాం. రెండు దఫాలుగా 180 మార్క్-1ఏ విమానాలకు ఆర్డరిచ్చినా, అప్పగింత అనుకున్న గడువుకు మొదలుకాకపోవడం కూడా బాధ కలిగించేదే.

ఇక మన జిల్లాలు. ఆదిలాబాద్‌లో నిజాం నాటి విమాన మైదానం ఏళ్ల తరబడి పడావు పడి ఉంది. అక్కడ పౌర విమానాలు నడపడానికి వైమానిక దళం 2025లో ఒప్పుకుంది. వైమానిక దళ శిక్షణ కేంద్రం కూడా అక్కడికి రావాలన్న మాట ఉంది. అటు కరీంనగర్ జిల్లా చొప్పదండి మండలం రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకుల సైనిక పాఠశాల నడుస్తోంది.

ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివే పిల్లలు నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ) ప్రవేశ పరీక్ష రాసి వైమానిక దళంలో చేరవచ్చు. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు ఆ పరీక్ష పెడుతుంది. 2021 నుంచి ఆడపిల్లలూ రాస్తున్నారు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగానే రాయొచ్చు. మీ ఇంట్లోనో, వాడలోనో ఎంపీసీ చదివే పిల్లలుంటే, ఈఏపీసెట్‌తో పాటు ఈ పరీక్ష సంగతి కూడా చెప్పండి.