నన్నయ వర్సిటీ డిగ్రీ: ఖర్చెంత, ఫలితమెంత?

ఇంటర్ ఫలితాలు వచ్చాక గోదావరి జిల్లాల్లో తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినపడే ప్రశ్న ఇది: "ఏమండీ, నన్నయ యూనివర్సిటీ మంచిదేనంటారా? అక్కడ చదివితే ఉద్యోగం వస్తుందా?" దానికి దొరికే జవాబు సాధారణంగా ఎవరో ఒకరి కథ. ఫలానావాళ్ల మేనల్లుడు అక్కడే చదివి హైదరాబాద్‌లో స్థిరపడ్డాడంటారు. ఇంకో ఊళ్లో ఒకమ్మాయి ఎమ్మెస్సీ పూర్తిచేసి ఇంట్లోనే ఉందంటారు. రెండూ నిజమే కావచ్చు. కానీ పిల్లల మూడేళ్ల కాలాన్నీ, ఇంటి సొమ్మునూ ఒకరిద్దరి కథను నమ్ముకుని పెట్టేయాల్సిన పనిలేదు. చదువుకు నిజంగా ఎంతవుతుందో, చదివినవాళ్లు ఏమవుతున్నారో సామాన్యులు కూడా చాలావరకు లెక్క కట్టుకోవచ్చు.

ముందుగా ఒక గందరగోళం విడదీసుకోవాలి. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం అనగానే రాజమహేంద్రవరం దాటాక రాజానగరం మండలం వెలుగుబందలో ఉన్న ప్రాంగణమే అందరికీ గుర్తొస్తుంది. కాకినాడ, తాడేపల్లిగూడెంలో కూడా దానికి ప్రాంగణాలున్నాయి. అయితే నన్నయ పేరుతో డిగ్రీ పట్టా అందుకునేవారిలో అత్యధికులు ఈ మూడుచోట్లా అడుగుపెట్టకుండానే చదువు ముగిస్తారు. వాళ్లు చదివేది పూర్వపు ఉభయ గోదావరి జిల్లాల్లోని అనుబంధ కళాశాలల్లో. అవీ అన్నీ ఒకేలా ఉండవు. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ, కాకినాడ పి.ఆర్. కాలేజీ, భీమవరం డి.ఎన్.ఆర్. కాలేజీ లాంటివి స్వయంప్రతిపత్తి గలవి. పరీక్షలు వాళ్లే పెట్టుకుంటారు, పట్టా మాత్రం విశ్వవిద్యాలయం ఇస్తుంది. మండల కేంద్రంలో రెండంతస్తుల మేడలో నడిచే చిన్న ప్రైవేటు కాలేజీ విద్యార్థికీ అదే పేరుతో పట్టా వస్తుంది. అందుకని "నన్నయ మంచిదేనా" అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. "ఫలానా ఊళ్లో ఫలానా కాలేజీలో ఫలానా కోర్సు ఎలా ఉంది" అని అడగాలి. ఇంజనీరింగ్ సంగతి వేరు. అక్కడ చాలా కాలేజీలకు పట్టా ఇచ్చేది కాకినాడ జేఎన్‌టీయూ.

నన్నయ విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. అంతకుముందు గోదావరి జిల్లాలు 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. సర్టిఫికెట్‌లో తండ్రి పేరు తప్పు పడితే దిద్దించుకోవడానికి రాజోలు కుర్రాడు రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు ప్రయాణించి విశాఖపట్నం వెళ్లాల్సి వచ్చేది. ఒక రోజు కూలి, చార్జీలు, ఆ పూట పని కాకపోతే రాత్రి బస. వర్సిటీ దగ్గరికి రావడం వల్ల మిగిలిన ఈ ఖర్చును ఎవరూ లెక్కలో వేయరు. పేదింటికి మాత్రం అది చిన్న మొత్తం కాదు.

ఇక ఖర్చు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మామూలు కోర్సుకు ఫీజు ఏడాదికి కొన్ని వేలు దాటదు. ప్రైవేటు డిగ్రీ కాలేజీల ఫీజునూ ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. పైగా 2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఏదో ఒక పేరుతో కొనసాగుతూనే ఉంది. విద్యాదీవెన పేరుతో నడిచిన కాలంలో ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు అది వర్తించింది. వసతి దీవెన పేరుతో డిగ్రీ విద్యార్థికి ఏటా 20,000 రూపాయలు హాస్టలు, భోజనాల కోసం ప్రకటించారు. కాగితం మీద చూస్తే గోదావరి డెల్టాలో డిగ్రీ దాదాపు ఉచితం.

కాగితానికీ ఇంటికీ మధ్య మూడు చిక్కులున్నాయి. మొదటిది ఆలస్యం. సర్కారు సొమ్ము వాయిదాల్లో, తరచూ చదువు సంవత్సరం దాటాక వస్తుంది. ఆలోగా ఫీజు కట్టమని కాలేజీ ఒత్తిడి చేస్తుంది. చివరి సంవత్సరంలో టీసీ, మార్కుల జాబితాలు ఇవ్వకుండా ఆపడం చాలాచోట్ల మామూలైపోయింది. ఏ సాకుతోనూ విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా ఆదేశించింది. ఈ సంగతి తెలిసి అడిగిన తండ్రికీ, తెలియక వడ్డీకి తెచ్చి కట్టిన తండ్రికీ మధ్య తేడా వేలల్లో ఉంటుంది. రెండోది హాజరు. 75 శాతం లేకపోతే రీయింబర్స్‌మెంట్ ఆగిపోతుంది. కోతల్లో కూలికి వెళ్లే పిల్లలు, రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండి పొద్దున్నే కాలేజీకి రాలేని పిల్లలు మొదట జారిపోయేది ఇక్కడే. మూడోది పీజీ. 2020 చివర్లో వచ్చిన 77వ నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి ఈ సాయం నిలిపేశారు. విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో, ప్రభుత్వ కాలేజీల్లో చదివేవారికి కొనసాగించారు. వెలుగుబంద సీటుకూ పక్క ఊరి ప్రైవేటు కాలేజీ సీటుకూ ఒకే పట్టా అయినా ఖర్చులో ఇంత తేడా అలా వచ్చింది. ఈ నిబంధనలు ప్రభుత్వంతో పాటు మారుతుంటాయి. కాబట్టి చేరే ఏడాదికి ఏది అమల్లో ఉందో ముందే కనుక్కోవాలి.

ఫీజు తర్వాత చూడాల్సింది దారి ఖర్చు. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డెల్టాలో కొన్ని ఇళ్లకు ఫీజు కంటే పెద్ద ఖర్చు ఇదే. తణుకు విద్యార్థి నిడదవోలు మీదుగా రైల్లో రాజమండ్రి చేరగలడు. నెలవారీ సీజన్ టికెట్ ఉంటే రోజుకు పడేది చిల్లర డబ్బులే. అమలాపురం అమ్మాయికి ఆ వీలు లేదు, కోనసీమ నడిబొడ్డుకు ఇంకా రైలు రాలేదు. కోటిపల్లి–నరసాపురం లైను మంజూరై రెండు దశాబ్దాలు దాటింది. ఆ అమ్మాయి రావులపాలెం మీదుగా బస్సు పట్టుకుని, రాజమండ్రిలో దిగి, మళ్లీ వెలుగుబందకు ఇంకో బస్సో ఆటోనో ఎక్కాలి. పాస్ ఉన్నా రోజుకు నాలుగైదు గంటలు దారిలోనే పోతాయి. అలా కుదరక హాస్టల్లో చేరితే మెస్ బిల్లు మొదలవుతుంది. ఇద్దరూ కట్టే ఫీజు ఒకటే అయినా వాళ్ల చదువు ఖరీదు ఒకటి కాదు. పైగా చీకటిపడ్డాక ఇల్లు చేరే ఆడపిల్ల చదువు చాలా ఇళ్లలో మొదటి ఏడాదితోనే ప్రశ్నార్థకమవుతుంది. అందుకే అమలాపురంలోని ఎస్.కె.బి.ఆర్. లాంటి స్థానిక కాలేజీలు బాగుండటమే కోనసీమ ఆడపిల్లలకు అసలైన చౌక చదువు.

కాలాన్నీ ఖర్చులో కలపాలి. ఒక సబ్జెక్టు పోయి సప్లిమెంటరీకి ఏడాది ఆగితే, ఫలితాలు ఆలస్యమై పీజీ సెట్ కౌన్సెలింగ్‌కు మార్కుల జాబితా అందకపోతే, పోయేది ఒక సంవత్సరం సంపాదన. బి.కాం. పాసై దుకాణంలో లెక్కలు రాసే కుర్రాడు నెలకు ఎంత తెస్తాడో పన్నెండుతో హెచ్చవేస్తే ఆ నష్టం తెలిసిపోతుంది. మూడేళ్ల ఫీజంతా కలిపినా తరచూ దానికంటే తక్కువే ఉంటుంది.

ఫలితాల సంగతికి వద్దాం. కాలేజీ గేటు పక్కన ఫ్లెక్సీలో ఇరవై ఫొటోలు, పెద్ద ప్యాకేజీ అంకెలు కనపడతాయి. అవి అబద్ధం అనడం లేదు. ఆ ఇరవై మంది ఎంతమందిలోంచి వచ్చారన్నది మాత్రం ఫ్లెక్సీ చెప్పదు. చెప్పే కాగితం వేరే ఉంది. కేంద్ర విద్యాశాఖ 2016 నుంచి ఏటా ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులు ఇస్తోంది. అందులో పాల్గొనే ప్రతి సంస్థా తాను సమర్పించిన వివరాలను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ర్యాంకు ఎంతొచ్చిందన్నది వదిలేయండి. ఆ పత్రంలో ఒక పట్టిక ఉంటుంది, అది వెతకండి. ఫలానా ఏడాది మొదటి సంవత్సరంలో ఎంతమంది చేరారు, వారిలో ఎందరు నిర్ణీత కాలంలో పాసయ్యారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది, వారి మధ్యస్థ వార్షిక జీతమెంత, ఎందరు పై చదువుకు వెళ్లారు అన్నవి ఒకే వరుసలో ఉంటాయి. దాని దగ్గరలోనే ఎంతమందికి ప్రభుత్వం ఫీజు చెల్లించింది, ఎంతమందికి ఏ సాయమూ అందలేదు అన్న అంకెలూ ఉంటాయి. కాలేజీ ఎన్ఐఆర్ఎఫ్‌కు వెళ్లకపోతే, కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌కు ఇచ్చిన స్వీయ అధ్యయన నివేదికలో ప్లేస్‌మెంట్లు, పై చదువుల వివరాలు చూడవచ్చు.

ఆ వరుసను ఎలా చదవాలో ఊహా లెక్కతో చూద్దాం. ఒక కాలేజీలో 100 మంది చేరారనుకోండి. మూడేళ్లలో 60 మంది పాసయ్యారు. ఉద్యోగం కావాలని ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరిచ్చినవారు 25 మంది, ఉద్యోగం దొరికినవారు 20 మంది. "మా ప్లేస్‌మెంట్ 80 శాతం" అని కాలేజీ చెప్పుకోవచ్చు, 25లో 20 అంటే 80 శాతమే. మీ అబ్బాయి మాత్రం చేరేది ఆ 100 మందిలో ఒకడిగా. అతని వైపు నుంచి చూస్తే అది 20 శాతం. మరో 20 మంది పీజీకో, బీఈడీకో వెళ్లారనుకుంటే పాసైన 60లో ఇంకా 20 మంది, పాసవ్వని 40 మంది ఏమయ్యారు? తల్లిదండ్రులు అడగాల్సింది ఈ 20, 40 కలిపి 60 మంది గురించే. జీతం దగ్గర కూడా సగటు అడగకండి. ఒక్కరికి పన్నెండు లక్షలొస్తే సగటు ఎగిరిపోతుంది. మధ్యస్థం అంటే జీతాలను వరుసగా పేర్చినప్పుడు నడుమ ఉన్న మనిషి జీతం. మామూలు విద్యార్థికి దగ్గరగా ఉండేది అదే.

ఈ పట్టిక కూడా అన్నీ చెప్పదు. గోదావరి జిల్లాల డిగ్రీ విద్యార్థుల్లో చాలామంది క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం చూడరు, సర్కారు కొలువు కోసం చూస్తారు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం లక్షకు పైగా పోస్టులు ఒకేసారి భర్తీకి పెట్టినప్పుడు ఎన్నో ఊళ్లలో డిగ్రీ పట్టాలకు విలువ వచ్చింది. ఏ కాలేజీ ప్లేస్‌మెంట్ జాబితాలోనూ అది కనపడదు. అటు బీఈడీ చూడండి. ఉపాధ్యాయ నియామకాలకు 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది 2025లో. మధ్య ఏడేళ్లలో బీఈడీ పూర్తిచేసినవాళ్లు ప్రైవేటు బడుల్లో కొద్దిపాటి జీతాలకు పనిచేస్తూ, రాత్రిళ్లు కోచింగ్ పుస్తకాలు చదువుతూ గడిపారు. వాళ్ల చదువులో లోపం లేదు, విశ్వవిద్యాలయం చేతిలోనూ ఏమీ లేదు. కాబట్టి సర్కారు ఉద్యోగమే లక్ష్యమైతే ఆ నిరీక్షణ కాలాన్నీ, కోచింగ్ ఖర్చునూ ముందే లెక్కలో వేసుకోవాలి.

పోల్చేటప్పుడు న్యాయంగా పోల్చడం కూడా ముఖ్యం. తాడేపల్లిగూడెంలోనే 2015 నుంచి ఎన్ఐటీ ఉంది. దేశమంతటి నుంచి ఏరి తెచ్చుకున్న విద్యార్థులు అక్కడి వాళ్లు. అదే ఊళ్లోని నన్నయ ప్రాంగణంలో చదివినవారి జీతాలను వాళ్ల జీతాల పక్కన పెట్టి పెదవి విరిచేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కౌలు రైతు కొడుకును, కొబ్బరి పీచు పనిచేసే తల్లి కూతుర్ని, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లను తీసుకుని నెలకు పాతిక వేల ఉద్యోగం దాకా తెచ్చిన కాలేజీ చిన్న పని చేయలేదు. కాలేజీలు చెప్పుకునేది కాకుండా ప్రభుత్వమే ఈ లెక్కలు ఇచ్చే చోటూ ఉంది: అమెరికా ప్రభుత్వం 2015 నుంచి కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో కాలేజీలవారీగా విద్యార్థుల సంపాదన కూడా ఇస్తోంది. ఫెడరల్ సాయం పొందినవారు కాలేజీలో చేరిన పదేళ్లకు ఎంత సంపాదిస్తున్నారో పన్ను రికార్డుల నుంచే తీసి చూపిస్తుంది. సాయం పోగా కుటుంబం చేతి నుంచి నిజంగా పడే ఖర్చునూ ఆదాయ వర్గాలవారీగా చెబుతుంది. అక్కడ కూడా అది పూర్తి చిత్రం కాదు, ఆ సాయం తీసుకోనివారు అందులో లెక్కకు రారు. అయినా కాలేజీ సొంత మాట మీద ఆధారపడకుండా అడిగే అవకాశం తల్లిదండ్రులకు దొరికింది.

ఇక్కడ మాత్రం అడగాల్సింది మీరే కాబట్టి, కళాశాలకు వెళ్లినప్పుడు రెండు సంగతులు తప్పక కనుక్కోండి. మొదటిది, మీ అమ్మాయి తీసుకునే సబ్జెక్టుకు శాశ్వత అధ్యాపకులు ఎందరు, గెస్ట్ ఫ్యాకల్టీ ఎందరు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి 2023లో 3,220 బోధన పోస్టులకు ప్రకటన వచ్చిందంటేనే ఖాళీలు ఎంత లోతుగా ఉన్నాయో అర్థమవుతుంది. ఏడాది మధ్యలో పాఠం చెప్పేవారు మారిపోతే ఆ సబ్జెక్టే ముందు పోతుంది. రెండోది ఇంటర్న్‌షిప్. డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను రాష్ట్రం 2020లో తప్పనిసరి చేసింది. ఆలోచన మంచిది. భీమవరం చుట్టూ రొయ్యల మేత కంపెనీలు, నీటి పరీక్షల ల్యాబులు, ఎగుమతి ప్లాంట్లు ఉన్నాయి. కడియంలో నర్సరీలు, రాజమండ్రిలో పేపరు మిల్లు, కాకినాడలో ఓడరేవు ఉన్నాయి. కెమిస్ట్రీ, జువాలజీ, కామర్స్ పిల్లలకు ఇంతకంటే దగ్గరి బడి ఎక్కడ దొరుకుతుంది? "పోయినేడాది పిల్లలు ఎక్కడ చేశారు, ఎన్ని నెలలు చేశారు, అక్కడే ఎందరిని తీసుకున్నారు" అని అడగండి. చెరువు నీటిలో అమ్మోనియా ఎలా కొలవాలో చేత్తో చేసి చూపించగలిగిన జువాలజీ విద్యార్థికి ఆ ఊళ్లోనే పని ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొన్న సర్టిఫికెట్‌తో ఆ నెలలన్నీ గడిపేస్తే, ఆ సంగతి అప్పటికి తేలకపోయినా మొదటి ఇంటర్వ్యూలో తేలిపోతుంది.

విశ్వవిద్యాలయం వైపు నుంచి కూడా ఒక పని జరగాలి, దానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. ఏ కాలేజీలో ఏ కోర్సులో ఎందరు సకాలంలో పాసయ్యారో పరీక్షల విభాగం దగ్గర ఇప్పటికే ఉంటుంది. దాన్ని కాలేజీలవారీగా, అబ్బాయిలకూ అమ్మాయిలకూ విడివిడిగా, ఏటా మే నెలలోనే, అంటే అడ్మిషన్లకు ముందు బయటపెట్టాలి. మరొకటి ఒరిజినల్ డిగ్రీ దరఖాస్తు. పట్టా కోసం అందరూ ఒకేసారి రారు. చాలామంది ఉద్యోగానికో, వీసాకో అవసరం పడినప్పుడు, పాసైన రెండు మూడేళ్లకు అడుగుతారు. ఆ దరఖాస్తులో రెండే గళ్లు చేర్చాలి: ఇప్పుడు ఏం చేస్తున్నారు, నెలకు ఎంత వస్తోంది. పట్టాకు రానివాళ్లకు ఫోన్ చేసి ఆ రెండే అడగాలి. ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్ పిల్లలకు ఆ పని అప్పగించినా వేసవి సెలవుల్లో పూర్తవుతుంది. ముమ్మిడివరంలోనో ఆకివీడులోనో కూర్చున్న తల్లికి అప్పుడు తన పిల్ల చేరబోయే కోర్సు గురించి అంకె చేతికొస్తుంది.