గాలికి పోయే కంప కాదు

రెండేళ్ళ క్రితం మా అమ్మాయి బర్కిలీ నుంచి ఫోను చేసి, "నాన్నా, నేను స్టూడెంట్ సెనేట్‌కి నిలబడుతున్నాను" అంది. "నిన్ను పంపింది చదువుకోవడానికమ్మా, రాజకీయాలకు కాదు. గాలికి పోయే కంపను తగిలించుకోవడమెందుకు?" అన్నాను.

మన ఇళ్ళలో చాలామంది తండ్రులు అనే మాటే ఇది. నేను ఇంజనీరింగులో చేరేనాటికే మన రాష్ట్రంలో కాలేజీ ఎన్నికలు ఆగిపోయాయి. వాటి గురించి సీనియర్లు చెప్పగా విన్నవన్నీ గోడల మీద రాతలు, కొట్లాటలు, తరగతుల బహిష్కరణలే. చూడని ఎన్నికల మీద భయాన్ని మాత్రం మోసుకొని ఇంత దూరం వచ్చాం.

"మీరు కట్టే ఫీజులో కొంత ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చేది విద్యార్థులే, తెలుసా?" అంది. తెలియదు. బిల్లు కట్టడమే గాని అందులో వరుసలు ఏనాడూ చదివినవాణ్ణి కాను. ఆ తర్వాత తెలుసుకున్న సంగతులే ఇవి.

బర్కిలీ విద్యార్థి సంఘం 1887లో పుట్టింది. ఏఎస్‌యూసీ అంటారు. ప్రెసిడెంటు, వైస్ ప్రెసిడెంట్లు, 20 మంది సెనేటర్లు ఏటా ఎన్నికవుతారు. ఓటుకు పౌరసత్వంతో పనిలేదు, విద్యార్థి అయితే చాలు. సెనేటుకి ఓటు వేసేటప్పుడు అభ్యర్థులకు ఇష్టమైన వరుసలో 1, 2, 3 అని అంకెలు వేస్తారు. మొదటి వ్యక్తికి కావలసినదానికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, అసలు గెలిచే అవకాశం లేకపోయినా, ఓటు వృథా కాకుండా తర్వాతి వ్యక్తికి చేరుతుంది. అందుకే ఇరవైలో ఒక వంతు మద్దతున్న చిన్న బృందానికి కూడా ఒక సీటు దక్కుతుంది.

ఇక సంఘం చేసే పనులు. విద్యార్థి క్లబ్బులకు డబ్బు కేటాయించేది ఈ సెనేటే. మన పిల్లలు క్యాంపస్‌లో దీపావళి జరుపుకోవాలంటే అడగవలసింది ఇక్కడే. 1999లో విద్యార్థులు తమ మీద తామే ఫీజు వేసుకోవడానికి ఓటు వేసి, ఏసీ ట్రాన్సిట్ బస్సుల్లో విడిగా టికెట్టు కొనకుండా తిరిగే 'క్లాస్ పాస్' సాధించుకున్నారు.

"నాకు నచ్చని క్లబ్బుకి నా డబ్బెందుకు?" అని ఎవరైనా అడగవచ్చు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులు అడిగారు కూడా. 1995–96లో అక్కడ ఆ ఫీజు ఏడాదికి 331 డాలర్ల 50 సెంట్లు. 2000లో సుప్రీం కోర్టు తీర్పు చెబుతూ, ఫీజు వసూలు చేయవచ్చు, అయితే ఏ అభిప్రాయం వారిదని చూడకుండా అందరికీ ఒకే కొలమానంతో పంచాలి అంది. ఎక్కువమందికి నచ్చిందా లేదా అన్నది కొలమానం కారాదని కూడా చెప్పింది. మనలాంటి చిన్న భాషల వాళ్ళకి ఇది కొండంత అండ.

సంఘానికి హద్దులూ ఉన్నాయి. ట్యూషన్ ఫీజు నిర్ణయించేది రీజెంట్లు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు 26 మంది రీజెంట్లలో 1975 నుంచి ఒకరు విద్యార్థి. ఉన్నది ఒక్క ఓటే, కానీ నిర్ణయం జరిగే గదిలో ఒక కుర్చీ ఉంది.

అన్నిటికన్నా నన్ను కదిలించింది స్టూడెంట్ అడ్వకేట్ కార్యాలయం. దాని అధిపతిని కూడా విద్యార్థులే ఎన్నుకుంటారు. హోంవర్కు కాపీ కొట్టావని ఉత్తరం వచ్చినా, ఆర్థిక సహాయం ఆగిపోయినా, నియమాలు చదివి, జవాబు రాయడానికి సాయపడి, వెంట నిలబడేది తోటి విద్యార్థులే. పైసా తీసుకోరు, సంగతి బయటపెట్టరు. వీసా మీద వచ్చిన పిల్లవాడిని సస్పెండు చేస్తే చదువుతోపాటు వీసాకే ముప్పు. అలాంటి ఉత్తరం వస్తే మన పిల్లలు ముందు దాచేది మన దగ్గరే. పరువు పోతుందని వాళ్ళకి మనమే నేర్పాం కదా!

మా అమ్మాయి ఆ ఎన్నికలో ఓడిపోయింది. ఇప్పుడు ఈ కార్యాలయంలో పనిచేస్తోంది. ఎవరి కేసు చూస్తోందో మాకు చెప్పదు. చెప్పకపోవడమే నాకు గర్వంగా ఉంది.

ఈ ఆగస్టులో పిల్లల్ని కాలేజీలో దింపి వచ్చేటప్పుడు బియ్యం, ఆవకాయ జాడీతోపాటు ఒక మాట కూడా ఇచ్చి రండి: "ఏదైనా కష్టం వస్తే మాకు చెప్పు. మాకు చెప్పలేకపోతే, మీ విద్యార్థి సంఘం గది ఎక్కడుందో తెలుసుకొని ఉంచుకో."