ఒళ్ళంతా కళ్ళు

రాత్రంతా వాన దంచికొట్టి తెల్లవారుజామున వెలిసింది. కాఫీ గ్లాసు పట్టుకుని వెనక గుమ్మంలోకి వచ్చేసరికి మా మనవరాలు ప్యాటియో మీద గొంతుక్కూచుని దేన్నో చూస్తోంది. జానెడు పొడవు, పురికొసంత సన్నం. తేనెరంగు ఒంటి మీద నిలువునా నల్లచారలు. తల మాత్రం అచ్చంగా అట్లకాడ. ఆ అట్లకాడను నేలకు తాకించి, ఎత్తి, అటూ ఇటూ ఊపి, మళ్ళీ తాకిస్తూ తడి సిమెంటు మీద జారిపోతోంది.

"ఎర్రా తాతా ఇది?"

"ఎర్రల్ని తినేదమ్మా. ముట్టుకోకు, చూస్తే చాలు."

ఫ్రిస్కోది నల్లరేగడి. టెక్సాస్‌లో ఈ పట్టీనంతా బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. మా గుంటూరు వైపు పొలాల్లాగే ఎండకు బీటలు వారుతుంది, వానకు చెప్పుకు పట్టి వదలదు. గట్టి వాన పడితే లోపలి ఎర్రలు పైకొస్తాయి, వాటి వెనకే ఇదీ వస్తుంది. ఇక్కడి వాళ్ళు హామర్‌హెడ్ వర్మ్ అంటారు. జంతుశాస్త్రంలో దాని పేరు బైపాలియం కివెన్సి. లండన్ దగ్గరి క్యూ ఉద్యానవనం గాజుగృహంలో దొరికిన దాన్ని చూసి 1878లో జంతుశాస్త్రజ్ఞుడు హెన్రీ మోజ్‌లీ వర్ణించాడు. క్యూ నుంచే కివెన్సి వచ్చింది. పుట్టిల్లు మాత్రం ఆగ్నేయాసియా అని శాస్త్రజ్ఞుల అంచనా. కుండీ మొక్కల మట్టిలో దాక్కుని దేశాలు దాటింది.

మీ పెరట్లో కనబడితే పారతో రెండుగా నరకొద్దు. ముక్కలు మళ్ళీ పురుగులవుతాయి. ఒంట్లో టెట్రొడోటాక్సిన్ ఉన్నట్టు 2014లో తేలింది, పఫర్ చేపలో ఉండే విషమే. చాలా కొద్దిగానే ఉంటుంది గానీ వట్టి చేత్తో పట్టుకోకుండా కాగితంతో తీసి ఉప్పు పోసిన డబ్బాలో వేయడం మంచిది. పిల్లలకీ కుక్కపిల్లలకీ దూరంగా.

సరే, అసలు సంగతికొస్తాను. అది అట్లకాడ ఊపుతుంటే మా మనవరాలు అడిగింది: "దీనికి కళ్ళెక్కడ తాతా?"

నలభై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్న వింటే ప్రాణం లేచొచ్చింది. భూతద్దం తెప్పించాను. తల అంచు వెంబడి, మెడ పక్కన, ఆవాలు నలిపి చల్లినట్టు సన్నటి నల్లచుక్కలు. ఒక్కో చుక్కా ఒక కన్ను. రెండు కాదు, పది కాదు, బోలెడు. తల ముందు అంచున ఇంకో వరస ఉంటుంది, అది భూతద్దానికి అందదు. సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్నచిన్న గుంటలు, వాటిలో కదిలే నూగులాంటి సీలియా. అవి దాని ముక్కు. అట్లకాడను నేలకు ఆనించినప్పుడల్లా ఎర్ర నడిచిన తడిని వాసన చూస్తోందన్నమాట.

ఈ బైపాలియం, మా వెనక వాగులో రాళ్ళకింద ఉండే ప్లనేరియా, గొర్రె కార్జంలో చేరే జలగ, మన పేగుల్లో పడే బద్దెపురుగు, అన్నీ ఒక్క వంశం. ప్లాటీహెల్మింథిస్, అంటే బల్లపరుపు పురుగులు. గుండె లేదు, రక్తం లేదు, ఊపిరితిత్తులు లేవు. ఒంట్లో ప్రతి కణానికీ గాలి పైనుంచే అందాలి కాబట్టి ఒళ్ళు అప్పడంలా పలచన. ఇంత పేద సంసారంలో కళ్ళూ ముక్కులూ ఇన్ని రకాలుగా అమర్చుకున్న వంశం ఇంకోటి ఉందంటే నేను నమ్మను.

ఆ మధ్యాహ్నమే వాగుకెళ్ళాం. కోడి కార్జం ముక్కకు దారం కట్టి నీళ్ళలో రాయి పక్కన వదిలితే, అరగంటకల్లా గోరంత పొడవున్న గోధుమరంగు పురుగులు రెండు వచ్చి అంటుకున్నాయి. బాణం మొనలాంటి తల. తలకు రెండు పక్కలా చెవుల్లా పొడుచుకొచ్చిన మూలలు. చెవులనే అనిపిస్తాయి గానీ అవీ ముక్కులే. నీళ్ళలో కరిగివచ్చే రుచినీ, ప్రవాహం తోపునీ పసిగట్టే కణాలు అక్కడ కిక్కిరిసి ఉంటాయి. కార్జం ఎటుందో అవే చెప్పాయి.

నడినెత్తిన రెండు కళ్ళు. మెల్లకన్ను వేసి మనవైపే చూస్తున్నట్టుంటుంది, పిల్లలకు చూడగానే నవ్వొస్తుంది. ఆ మెల్ల ఎందుకంటే, ప్రతి కన్నూ ఒక ఉగ్గుగిన్నె. నల్లరంగు కణాలతో చేసిన గిన్నె పక్కకు వాలి, మూతి బయటివైపుకి, అడుగు తల మధ్యవైపుకి ఉంటుంది. నల్లటి అడుగు లోపలివైపున ఉండి, దాని చుట్టూ చర్మంలో రంగులేని తెల్లమచ్చ ఉంటుంది కాబట్టి నల్లగుడ్డు ముక్కుమీదికి చూస్తున్నట్టు కనిపిస్తుంది.

గిన్నె ఎందుకు? సూర్యుడికి ఎదురుగా నిలబడి కళ్ళు మూసుకోండి. రెప్పల మీద వెలుగుందని తెలుస్తుంది, ఏ పక్కనుంచి వస్తోందో సరిగా తెలియదు. ఇప్పుడు ఒక స్టీలు గిన్నెను పక్కకు వాల్చి పట్టుకుని మూతికి ఎదురుగా టార్చి వేయండి, లోపల వెలుగు. వెనకనుంచి వేయండి, లోపల చీకటి. ఇంతే కిటుకు. కుడిగిన్నెలో వెలుగెక్కువా, ఎడమగిన్నెలోనా అని పోల్చుకుంటే దిక్కు తెలిసిపోతుంది. వెలుగు తక్కువున్న వైపుకి తిరిగితే రాయికింద నీడ దొరుకుతుంది. దానికి బొమ్మ కనబడక్కర్లేదు, నీడ దొరికితే చాలు.

గిన్నెలోకి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తొంగిచూస్తే అందం అక్కడుంది. వెలుగును పట్టే కణాల ఒళ్ళు గిన్నె బయటే ఉండి, చివర్లు మాత్రం లోపలికి దూరతాయి. ఆ చివర్ల నిండా కుచ్చులా సన్నటి వేళ్ళు, మైక్రోవిల్లై. చీర కుచ్చిళ్ళను తలచుకోండి. ఆరుగజాల బట్టను నడుం దగ్గర జానెడు వెడల్పులో ఎలా ఇముడుస్తాం? మడతలు పెట్టి. ఇదీ అంతే. వెలుగును పట్టే ఆప్సిన్ అనే ప్రోటీను కణపొరలోనే కుదురుకుంటుంది, పొర ఎంత మడిస్తే అంత ఆప్సిన్. ఈగ, ఆక్టోపస్ కూడా ఈ పద్ధతే పట్టాయి. మన రెటీనాలో కడ్డీ కణాలూ శంకు కణాలూ మరో దారి తొక్కాయి, ఒక సీలియాన్నే సాగదీసి దాని పొరను పళ్ళేల దొంతరలా మడిచాయి.

ఇవి రెండు వేరువేరు కుటుంబాల వ్యవహారాలని చాలాకాలం అనుకున్నారు. సముద్రంలో ఉండే సూడోసెరస్ అనే బల్లపరుపు పురుగు పిల్లదశను కోసి చూస్తే, ఒక కంట్లో కుచ్చుల కణాలే, ఇంకో కంట్లో వాటితో పాటు సీలియా కణాలూ కనబడ్డాయి. ఒకే తలలో రెండు సంప్రదాయాలు. మన కంట్లోనూ అంతేనని తర్వాత తెలిసింది. 1998లో కప్ప చర్మంలో మెలనాప్సిన్ అనే ఆప్సిన్ దొరికింది, ఆ తర్వాత మన రెటీనాలోని కొన్ని నాడీకణాల్లోనూ కనబడింది. అది ప్లనేరియా కంటి ఆప్సిన్‌కు దగ్గరి చుట్టం. బొమ్మలు చూడడం దాని ప్రధానమైన పని కాదు, పగలా రాత్రా అని ఒంటికి చెప్పడం. ఇండియా నుంచి దిగిన వారం రోజులూ నేను ఇక్కడ రెండింటికి లేచి కూచునేవాణ్ణి, పదిన్నర గంటల తేడా. మా అమ్మాయి పొద్దున్నే ఎండలో నడిపించేది. నా ఒంటి గడియారాన్ని సరిచేసింది ఆ మెలనాప్సినే.

ఈ బల్లపరుపు పురుగుల వంశంలో ఇంకో వింత. కొన్ని పురుగుల కంటికి కటకం ఉంటుంది, అది మైటోకాండ్రియాతో చేసింది. మైటోకాండ్రియా అంటే కణానికి పొయ్యి. ఆ పొయ్యే ఉబ్బి, గట్టిపడి, గాజులా వెలుగును వంచే పనిలో కుదురుకుంది. పరిణామం సరుకుల కోసం బజారుకెళ్ళదు, ఇంట్లో ఉన్నదాన్నే మరో పనికి వాడుతుంది.

అవసరం తీరితే వదిలేస్తుంది కూడా. కార్జపు జలగ గుడ్డులోంచి నీళ్ళలోకి వచ్చిన పిల్లకు నల్లటి కంటిమచ్చ ఉంటుంది. వెలుగువైపు ఈది నత్తను వెతుక్కోవాలి కదా. నత్తలోకి దూరాక ఆ కన్ను పోతుంది, గొర్రె కార్జం చీకట్లో పెద్దదానికి కళ్ళే ఉండవు. బద్దెపురుగూ అంతే. చూపు పోయినా స్పర్శ పోలేదు, చర్మంలో నాడీకొనలు మిగిలే ఉన్నాయి.

1836లో డార్విన్ టాస్మేనియాలో నేలమీది ప్లనేరియాలను పట్టి రెండు నెలల దాకా బతికించాడు. ఒకదాన్ని అడ్డంగా రెండు చేస్తే, రెండు వారాల్లో రెండూ పూర్తి ఆకారానికి వచ్చాయి. తోకముక్కకు తల మొలుస్తుంది, తలకు కళ్ళు మొలుస్తాయి. అయితే కళ్ళు మొలవకముందు ఆ తోకముక్క సంగతేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు మనవాళ్ళే చెప్పారని తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో. బెంగళూరులోని పరిశోధన సంస్థ ఇన్‌స్టెమ్‌లో ఆకాశ్ గుల్యాణి, పాలకోదేటి దాశరథి, నిషాన్ శెట్టిగార్, వాళ్ళ తోటివాళ్ళు 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. ప్లనేరియా కంటికి రంగురంగుల ఆప్సిన్‌లు లేవు, ఒక్కటే ఉంది. అయినా వెలుగు తరంగదైర్ఘ్యం 25 నానోమీటర్లు మారితే చాలు, ఆ పురుగు తను వెళ్ళే దారి పూర్తిగా మార్చేస్తుంది. కంటిలో ఎంత వెలుగు ఇంకిందన్న చిన్న తేడాను పోల్చుకోవడమే దాని నేర్పు. తల తీసేశాక కొత్త కళ్ళు మొలిచే దశలో మొదట వెలుగుందని మాత్రమే తెలుస్తుంది, సన్నటి తేడాలు తర్వాత గానీ అందవు.

2021లో వాళ్ళదే మరో అడుగు. గుల్యాణి ఇప్పుడు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉన్నారు. తల తీసేసిన ప్లనేరియా మీద అతినీలలోహిత కాంతి వేస్తే అది తలున్నదానిలాగే చక్కగా కదిలి పక్కకు తప్పుకుంటుంది. కళ్ళు లేవు, మెదడు లేదు. ఎలా? ఒంటి అంచు పొడవునా, పట్టుచీర అంచున జరీలా, వెలుగును పట్టే కణాల వరస ఉంది. ఒక్కో కణంలో రెండు రకాల ఆప్సిన్‌లు. పక్కనే ఒళ్ళంతా అల్లుకున్న నాడుల వల. ఇంకా చిత్రం, నెత్తిమీది కళ్ళు గుడ్డులోనే తయారై పుడుతూనే పనిచేస్తాయి, ఈ అంచు కళ్ళు మాత్రం పుట్టాక, ఎదుగుతూ ఉండగా అమరతాయి. నిద్రలాంటి విశ్రాంతిలో ఉన్న పురుగును అతి తక్కువ అతినీలలోహిత కాంతితో లేపేదీ ఇవే.

ఇంద్రుడు సహస్రాక్షుడని కథలు చెప్పాను మా మనవరాలికి. ఒళ్ళంతా కళ్ళు చేసుకుని ఎదురుచూశానని మనం అంటూనే ఉంటాం. ఈ మాట నిజంగా వర్తించే ప్రాణి మా వాగులో రాయికింద ఉందని చెబితే ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి తన చెయ్యి ఎండలో పెట్టి, తిప్పి తిప్పి చూసుకుంది.

వాగులో దొరికిన పురుగుల్లో ఒకదాన్ని ఇంటికి తెచ్చాం. రాత్రి గదిలో దీపాలు ఆర్పి, టార్చి మూతికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టాం. ఎరుపు దాని కంటికి బాగా తక్కువగా అందుతుంది కాబట్టి బెదరకుండా తిరుగుతుంది. తెల్ల పింగాణీ పళ్ళెంలో వాగునీళ్ళు, మధ్యలో కార్జం ముక్క. పురుగు తల ఎత్తి, రెండు మూలలూ చెరోవైపు ఊపి, నిదానంగా ముక్క చేరింది. ఒంటి మధ్యలోంచి తెల్లటి గొట్టం బయటికి చాపింది. నోరు అక్కడే, పొట్టకిందే. మనవరాలు ఊపిరి బిగబట్టి చూసింది. కాగితం తీసి మామూలు వెలుగు వేస్తే తిండి వదిలేసి పళ్ళెం అంచునీడకు పరుగెత్తింది.

మర్నాడు వాగుకు తీసుకెళ్ళి ఆ రాయి పక్కనే నీళ్ళలో వదిలాం. కాసేపు తల అటూ ఇటూ ఆడించి, నీడ ఎటుందో చూసుకుని, రాయికిందికి జారిపోయింది.