ఇరుగుపొరుగు కార్లు – పిల్లవాని తొలి సంపాదన

ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసినది మొదలు కళాశాల తలుపులు తెఱచువఱకు మన పిల్లలకు కొన్ని నెలల తీరిక దొరకును. ప్రవేశపరీక్షల గొడవ తీరిన పిమ్మట ఆ కాలమును వారెట్లు గడపుదురో తల్లులందఱు నెఱిగినదే. ప్రొద్దెక్కి లేచుట, ఫోను చేతబట్టుకొని మంచముమీద దొరలుట, భోజనమునకు పదిమార్లు పిలిపించుకొనుట. ఇట్టి పిల్లలలో నొకడు వచ్చి, “అమ్మా, మన చుట్టుప్రక్కల కార్లు శుభ్రముచేసి నెలకింతయని తీసికొనవలెనని యున్నది, నీవేమందువు?” అని యడిగినచో తల్లి మొదట నదరిపడును. “నలుగురు విన్న నేమనుకొందురురా? నాన్నగారు ఉద్యోగము చేయుచుండగా నీకీ యగత్యమేమి?” అను మాటయే నోటికి వచ్చును. అట్టి తల్లులకొఱకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఆడపిల్లలును ఈ పని చక్కగా చేయగలరు గనుక, పిల్లవాడని వ్రాసినచోట పిల్ల యని కూడ చదువుకొన బ్రార్థన.

మన పెద్దల నాట కారు గలవారు ఊరికి నలుగురైదుగురు. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని బండ్లకై పేరు వ్రాయించుకొని యేండ్ల తరబడి కాచుకొనువారు. 1983 డిసెంబరులో మారుతి 800 వెలువడినప్పటినుండి మధ్యతరగతి సంసారులకు కారు అందుబాటులోనికి రాజొచ్చినది. నేడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో ఏ అపార్టుమెంటు సెల్లారు చూచినను కార్లు బారులు తీరియుండును. వానిని తుడుచుకొను తీరిక యజమానులకు లేదు. కట్టుచున్న యిండ్ల సిమెంటు దుమ్ము, రోడ్లు త్రవ్విన మట్టి, పావురముల రెట్ట రాత్రికి రాత్రి కారును గుర్తుపట్టరానట్లు చేయును. కనుక పనికి కొదువలేదు. అయితే ఆ పని నిప్పుడెవరు చేయుచున్నారను ప్రశ్న యొకటి కలదు. దానిని దాటి ముందునకు బోవుట నాకు న్యాయముగ దోచలేదు.

పెక్కు అపార్టుమెంట్లలో తెల్లవాఱక ముందే లేచి కార్లు తుడుచువాడు వాచ్‌మెన్. అతడు లేనిచో అతని భార్య. పాలమూరు నుండియో, శ్రీకాకుళము నుండియో బ్రతుకుతెఱువునకై వచ్చి, మెట్లక్రింది గదిలో కాపురముండు సంసారము వారిది. సంఘమువా రిచ్చు జీతము చాలదు. కారొక్కింటికి నెలకు వచ్చు కొద్ది సొమ్మే వారి పిల్లల బడి జీతము, పండుగనాటి బట్టలు. మన పిల్లవానికి వేసవి కాలక్షేపమైనది వారికి నెలబియ్యము. చదువుకొన్న పిల్లవాడు చక్కని మాటలతో ఆ కార్లను తనవైపు త్రిప్పుకొనుట సుళువే. సుళువైనంత మాత్రమున చేయదగినదని నేనొప్పుకొనజాలను. పిల్లవాని చొరవను మెచ్చుకొనుటకు ముందు తల్లి విచారింపవలసిన దిది.

దారి లేకపోలేదు. వాచ్‌మెన్ లేని విడి యిండ్లు ప్రతి వీధిలోను కలవు; అచ్చటి కార్లకు దిక్కులేదు. అంతేగాక, వాచ్‌మెన్ తుడుచునది కారు పైభాగము మాత్రమే. లోపలి శుభ్రత కతనికి తాళమును ఇయ్యరు, యంత్రమును లేదు. ఆ పనిని మన పిల్లవాడు చేపట్టవచ్చును. ముందుగా వెళ్లి, “అన్నా, నీవు తుడుచు కార్ల జోలికి నేను రాను. పదునైదు దినముల కొకమారు లోపలి భాగము మాత్రము శుభ్రము చేసెదను. నీకేమైన నష్టమున్నచో చెప్పుము” అని యడిగినచో, “నాకేమి నష్టము బాబూ? మూడవ అంతస్తు వారి బండినిండ పిల్లల బిస్కత్తుపొడియే, ముందు వారి నడుగుము” అని అతడే దారి చూపవచ్చును. ఇట్లడుగుట పిల్లవానికి కొంత బిడియముగ నుండును. తల్లి తోడుగ వెళ్లకుండుటయే మంచిది, వాడే మాటాడవలెను.

ఇక చట్టము సంగతి. ఇంటర్మీడియట్ ముగించిన పిల్లవానికి పదునేడేండ్లే యుండవచ్చును. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారు చేసికొన్న ఒప్పందమునకు న్యాయస్థానములో బలము లేదు. కావున ఈ వ్యాపారమంతయు నోటిమాటమీదను, ఇరుగుపొరుగు మర్యాదమీదను నడచునది. తోడుగ నుండునని పండ్రెండేండ్ల తమ్ముని వెంట తీసికొనిపోయి పని చేయింపరాదు. 14 ఏండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనుట 2016 నాటి సవరణతో దాదాపు పూర్తిగ నిషేధింపబడినది. అన్నింటికంటె ముఖ్యమైనది తాళము. లోపల తుడుచుటకు తలుపు తెఱచి యిచ్చిన చాలును. “బండి కొంచెము వెనుకకు తీసి పెట్టు బాబూ” అని యజమాని యన్నను పిల్లవాడు ఇంజను త్రిప్పరాదు. 2019 సవరణచట్టము ప్రకారము మైనరు బండి నడపి నేరము చేసినచో సంరక్షకుడు గాని, బండి యజమాని గాని దోషిగ నెంచబడి, మూడేండ్లవఱకు ఖైదునకును 25,000 రూపాయల జుల్మానాకును పాత్రుడగును. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును. ఆ పిల్లవానికి 25 ఏండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు. ఈ యొక్క విషయమున తల్లి యెంత కఠినముగ నున్నను తప్పులేదు.

కారు తుడుచుటలో నేర్చుకొనవలసిన దేమున్నదని కొందఱందురు. పట్టుచీర ఉదుకుటలో నేర్చుకొనవలసిన దేమున్నదని మనల నెవరైన నడిగిన మన మూరకుందుమా? కారు రంగుపైన గాజువలె కనబడు పలుచని పూత యొకటి యుండును. కారుమీది దుమ్ములో సన్నని యిసుక యుండును. ఆ యిసుక పూతకంటె గట్టిది. పొడిగుడ్డతో దుమ్మును దులిపినచో గిన్నెను ఇసుకతో తోమినట్లే యగును. ఎండలో చూచిన ఆ కారుమీద సాలెగూడు వంటి గీతలు కనబడును. అవి యొక్కదినమున బడినవి కావు, దినదినము పొడిగుడ్డ ఆడించినందున బడినవి. కావున మొదట నీరు చిలుకరించి దుమ్మును నానబెట్టవలెను. తరువాత కార్ల షాంపూ కలిపిన నీట ముంచిన మెత్తని గుడ్డతో, ఒత్తక, పైకప్పునుండి క్రిందికి తుడువవలెను. చక్రములకు, క్రిందిభాగమునకు వేఱు గుడ్డ. అది పొరపాటున నైనను పైకి రారాదు. మన వంటయింటిలో మసిగుడ్డయు, పళ్లెములు తుడుచు గుడ్డయు వేఱుగ నుంచుకొనుట లేదా? అట్లే.

బాల్చీలు రెండుండవలెను. ఒకటి సబ్బునీటికి, ఇంకొకటి మురికిగుడ్డను జాడించుటకు. ఒకే బాల్చీతో పని చేయువాడు తీసిన యిసుకనే తిరిగి కారునకు పూయుచుండును. అంట్లుతోము సబ్బు వాడవద్దు. అది జిడ్డుతోబాటు కారుమీది మైనపు పూతను కూడ తీసివేయును. ఆ మైనములలో మేలైనది కర్నూబా యను బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుండి వచ్చునది. మన తాటాకు విసనకఱ్ఱల చుట్టమే కారునకు నిగనిగ తెచ్చుచున్నదని వినుటకు వింతగ లేదా!

తుడుచు గుడ్డ మైక్రోఫైబరుదైన మేలు. దాని పోగు పట్టుదారముకంటె సన్ననిది, నీటిని బాగుగ పీల్చును. దానిని నూలుగుడ్డలతో కలిపి ఉదుకరాదు. నూలు రోమములను పట్టుకొని విడువదు. బట్టలు మెత్తబఱచు ద్రావకము వేసినచో పీల్చుశక్తి పోవును. పాత చీరముక్కలు, చిరిగిన బనియన్లు చాలునని మనము పొదుపు మాటలు చెప్పుదుము గాని, వాని కుట్లును గుండీలును చేయు నష్టము ముందు ఆ పొదు పెంత?

ఎండలో కారు కడుగరాదు. నీరు వెంటనే ఆరి, అందలి సున్నము తెల్లని చుక్కలుగ నిలుచును. హైదరాబాదు బోరునీటితో గీజరులో పేరుకొను తెల్లని పెచ్చును చూచినవారికి దీనిని వివరింప నక్కఱలేదు. తెల్లవాఱుజామున గాని, సాయంకాలము నీడలో గాని కడిగి, వెంటనే పొడిగ నద్దవలెను. పావురపురెట్టను గోటితో గీకక, తడిగుడ్డ నైదు నిమిషములు దానిమీద పఱచి నానిన పిదప నెత్తివేయవలెను. ఆ రెట్టలోని ఆమ్లము ఎండ సోకినకొలది పూతను తినివేయును గనుక ఆలస్యము పనికిరాదు. దూరప్రయాణముచేసి వచ్చిన బండి చక్రములు కాగియుండును. అవి చల్లాఱువఱకు వానిపై నీళ్లు పోయరాదు.

లోపలిపని ఓపికపని. మొదట పట్టాలు తీసి దులుపుట, పిదప సీట్ల సందులలోని మరమరాలు, వేరుసెనగ పొట్టు వాక్యూము యంత్రముతో లాగుట. ముందున్న తెరలమీద, మీటలమీద నీరు చల్లరాదు. కొంచెము తడిపిన గుడ్డతో తుడిచిన చాలును. ఇంజనుమూత జోలికి పోనేవద్దు. మెఱుపు కొఱకు ముందుపలకకు నూనెవంటి పాలిషు దట్టముగ పూయుదురు గాని, దాని తళతళ యెదుటి అద్దములో బడి నడపువాని కన్నులకు అడ్డమగును. డాష్‌బోర్డుమీది వినాయకుని, ముందు వ్రేలాడు నిమ్మకాయ మిరపకాయలను యజమాను నడుగక కదల్పరాదు. సీటుక్రింద దొరకిన రూపాయి బిళ్లయైనను, చెవిదిద్దు శీలయైనను అప్పుడే పిలిచి చేతికీయవలెను. తాళము నమ్మి యిచ్చినవారి విషయమున ఇంతకంటె వ్రాయవలసిన పనిలేదు.

నీటిమాట వేఱుగ చెప్పెదను. గొట్టము విడిచిపెట్టి పది నిమిషములు కడిగినచో నూఱు లీటర్లకు పైగా పోవును. రెండు బాల్చీలతో ముప్పది నలువది లీటర్లలో పని ముగియును. 2019 వేసవిలో చెన్నపట్టణపు చెఱువులెండిన సంగతియు, 2024 మార్చిలో బెంగుళూరు జలమండలి త్రాగునీటితో బండ్లు కడుగుటను నిషేధించి 5,000 రూపాయల జుల్మానా విధించిన సంగతియు మఱువరాదు. ట్యాంకరు నీరు కొనుక్కొను అపార్టుమెంటులో గొట్టము పట్టుకొన్న పిల్లవానికి మొదటి వారముననే సంఘమువారితో తగవు వచ్చును. సెల్లారులో నీరు నిలిచినచో జారిపడువారు ముసలివారు.

ఇక లెక్క. ఉదాహరణమునకు, ఎనిమిది కార్లు, కారునకు నెలకు 500 రూపాయలు అనుకొందము. వచ్చుబడి 4,000. బాల్చీలు, గుడ్డలు, షాంపూ కలిసి మొదట 1,500 అయినదనుకొనిన, తొలినెల మిగులు 2,500. వాక్యూము యంత్రము కొనుట రెండవనెల మాట. ఈ పెట్టుబడిని తల్లి ఊరక యీయక అప్పుగ నిచ్చి, నోటుపుస్తకములో వ్రాసికొని, నెలనెల వసూలు చేయవలెను. నా మాట కటువుగ దోచవచ్చును గాని, ఊరక వచ్చిన సొమ్ముతో కొన్న గుడ్డను ఏ పిల్లవాడును ఆరవేయడు. ఆ పుస్తకమునందే కారు నంబరు, తేది, పని మొదలిడకముందే యున్న గీతలు వ్రాసి, యజమాని యెదుటనే ఫొటో తీసికొనవలెను. ఈ జాగ్రత్త లేనిచో పాతగీత క్రొత్తవాని నెత్తినబడును. పదేండ్లు దాటిన పిల్లలు తమంతట తామే బ్యాంకులో పొదుపు ఖాతా నడుపుకొనుటకు రిజర్వు బ్యాంకు 2014 లోనే అనుమతించినది. మైనరు తన సొంత శ్రమచే గడించిన సొమ్ము తలిదండ్రుల ఆదాయములో కలుపబడదని ఆదాయపుపన్ను నియమము.

వసూలులో చిక్కు పైవారితో గాదు, బంధువులతో. “మన పిల్లవాడే గదా” యని పిన్నిగారును, మేనమామగారును కారు తెచ్చి నిలుపుదురు. పిల్లవాడు నోరు మెదపలేడు. ఇచ్చట మాత్రము తల్లి కలుగజేసికొనవచ్చును. “అన్నయ్యా, వాడు లెక్క వ్రాసికొనుచున్నాడు, నీ పేరును వ్రాయుమనెదను” అని నవ్వుచు ననిన చాలును. ఇంకొక చిక్కు, “ఏయ్ కార్లబ్బాయ్” అని పైయంతస్తునుండి కేకవేయువారు. వారికి పిల్లవాడు తన పేరు చెప్పి, “అట్లు పిలువుడండీ” యని మర్యాదగ ననవలెను. మఱునాడును అట్లే పిలిచినచో ఆ కారు వదలుకొనవచ్చును. ఏడు కార్లతోనైనను లెక్క కుదురును. నలుగురేమనుకొందురని మొదట జంకిన తల్లి, ఇదే కేకను వాచ్‌మెన్ పేరిట తన యింటినుండియే ఎన్నిమార్లు వేసినారో జ్ఞాపకము చేసికొనవచ్చును.

జూనులో వానలు పడగానే బయటి పని తగ్గును. బురదకాళ్లతో పట్టాలును, ముక్క వాసనతో సీట్లును పాడగుటచే లోపలిపని పెరుగును. కళాశాల తెఱచు తేది తెలిసిన వెంటనే, నెలకు ముందుగా ఇంటింటికి బోయి చెప్పవలెను. వాక్యూము యంత్రమును మూలబెట్టుటకంటె, వాచ్‌మెనుకు వాయిదాలమీద నిచ్చి, సీట్ల సందులు శుభ్రముచేయు తీరు రెండు ఆదివారములు దగ్గఱనుండి చూపి, లోపలిపని కార్ల జాబితాను అతని చేతిలో పెట్టి, యజమానులకు తానే పరిచయము చేసి పోవచ్చును. వాయిదాల లెక్క మాత్రము అదే నోటుపుస్తకములో తల్లి వ్రాసికొనుచుండవలెను.