పోస్టల్ ఆర్డర్ పోయి ఓటీపీ వచ్చె!

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఏ ఊరైనా సరే, మీ నాన్ననో మేనమామనో అడిగి చూడండి. అప్పట్లో ఉద్యోగానికి దరఖాస్తంటే పోస్టల్ ఆర్డరు, గెజిటెడ్ ఆఫీసర్ సంతకం, రిజిస్టర్డ్ పోస్టు. ఆ సంతకం కోసం చెప్పులరిగేలా తిరిగేవాళ్లు. ఇప్పుడా తిప్పలు లేవు. వేరేవి వచ్చాయి! ఫొటో సైజు కుదరదు, ఓటీపీ రాదు, చివరి రోజు సర్వర్ మొరాయిస్తుంది. నెట్ సెంటర్లో ఏ మెయిల్ ఐడీ ఇచ్చారో మీకే గుర్తుండదు. సమాచారమంతా దానికే వస్తుంది మరి! సొంత మెయిల్, సొంత నంబరే ఇవ్వండి. గడువుకు వారం ముందే పని కానిచ్చేయండి.

అసలు చిక్కు ఇంకోటుంది. 'బెంగళూరులో జాబ్, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి' అంటూ వాట్సాప్ మెసేజ్‌లు. కుప్పంలో రైలెక్కితే బెంగళూరు ఎంత దూరమని, ఆశ పుట్టడం సహజమే. కానీ రూపాయి కూడా పంపొద్దు. సిసలైన కంపెనీ ఆఫర్ లెటర్‌కు డబ్బడగదు. సర్కారు పరీక్ష ఫీజు వేరు, అది అధికారిక వెబ్‌సైట్‌లోనే కట్టాలి. రైల్వే పరీక్షకు జనరల్ అభ్యర్థులు కట్టే రూ.500లో, మొదటి సీబీటీ రాస్తే బ్యాంకు చార్జీలు పోను రూ.400 వెనక్కి వస్తుంది కూడా.

ఇప్పటికే పంపేశారా? ఇంట్లో తిడతారని దాచకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు అవతలి ఖాతా దాటకుండా ఆపే వీలు అంత ఎక్కువ.