నోటిపూతే కదా అని తీసిపారేయకండి!

"ఏముందీ, వేడి చేసుంటుంది. కాస్త మజ్జిగ తాగు." నోరు పూసిందని చెబితే ఇంట్లో వినిపించే మొదటి మాట ఇదే. కందిగింజంత పుండుకి ఇంత హడావిడా అని వాళ్ల ఉద్దేశం. మాటిమాటికీ నోరు పూసేవాళ్లని అడిగితే తెలుస్తుంది, ఆ కందిగింజ ఎంత పని చేస్తుందో!

పొద్దున్నే పళ్లు తోముకోవడంతోనే బాధ మొదలు. ఇల్లంతా గోంగూర పచ్చడితో తింటుంటే తను మాత్రం చప్పటి పెరుగన్నం ఓ పక్కగా మింగాలి. అయినా వంట తనదే, ఉప్పూకారం చూడాల్సిందీ తనే. చారు చుక్క నాలుకకి తగిలితే కళ్లనీళ్లు తిరుగుతాయి. నొప్పికి మాటలు తగ్గిస్తే "ఏమ్మాయ్, మా మీద అలిగావా?" అంటారు అత్తగారు. ఒకటి మానేలోగా ఇంకోటి మొదలవుతుందేమోనని నాలుకతో తడుముకోవడం అలవాటైపోతుంది. వీటన్నిటికీ మించి రాత్రిపూట పీడించే అనుమానం: "కొంపదీసి కాన్సర్ కాదు కదా?"

తెల్లగానో పసుపుగానో ఉండి, చుట్టూ ఎర్రని అంచున్న ఈ చిన్న పుండ్లు కాన్సర్ కావు. మామూలుగా 7 నుంచి 14 రోజుల్లో వాటంతటవే మానతాయి. అంటువ్యాధీ కాదు, కాబట్టి కంచం, గ్లాసు వేరు పెట్టుకోనక్కర్లేదు.

కారణం అందరికీ ఒకటే కాదు. నిద్రలేమి, దిగులు, గరుకు పన్ను రాసుకోవడం వల్ల రావచ్చు. కొందరికి నెలసరి ముందు వస్తాయి. నురుగు కోసం టూత్‌పేస్టులో కలిపే సోడియం లారిల్ సల్ఫేట్ కొందరికి పడదు. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 లోపాలూ కారణమే. అందరూ తిన్నాక మిగిలిందేదో తినే ఇల్లాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ప్రతిసారీ బీకాంప్లెక్స్ కొని మింగేకన్నా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడం మేలు.

పుండు ఉన్నన్నాళ్లూ కారం, పులుపు, మరీ వేడి పదార్థాలు మానండి. మెత్తని బ్రష్ వాడండి. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించండి. మరీ బాధగా ఉంటే డాక్టరు పైపూత మందు రాసిస్తారు.

మూడు వారాలైనా మానని పుండునీ, నొప్పి లేకుండా గట్టిపడిన పుండునీ మాత్రం అశ్రద్ధ చేయొద్దు. పొగాకు, గుట్కా, వక్క అలవాటున్నవాళ్లు మరీను. ఉత్తరాంధ్ర పల్లెల్లో నిప్పు నోట్లోకి పెట్టి అడ్డచుట్ట కాల్చే ఆడవాళ్లకి అంగిలి కాన్సర్ ముప్పు ఎక్కువ. నోటిపూతతో పాటు కళ్లు ఎర్రబడినా, మర్మావయవాల దగ్గర పుండ్లు వచ్చినా సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పాలి.

ఇంట్లోవాళ్లకీ ఓ మాట. ఆమెకి నోరు పూసిన నాలుగు రోజులూ కూరలో ఉప్పు మీరు చూడండి. ఆమె మాట్లాడకపోతే అలిగిందనుకోకండి!